వేరు కాని రెండు బాధలు: మోకాలు, నడుము

విశ్వాసులంతా ఒకే దేహం వంటివారని, ఆ దేహంలో ఒక అవయవం బాధపడితే మిగిలిన అవయవాలన్నీ జ్వరంతోనూ నిద్రలేమితోనూ దానికి తోడవుతాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసును మేము మదర్సాలో ఏటా పాఠంగా చెబుతాము. జుమా ప్రసంగాలలో సమాజ ఐక్యతకు ఉదాహరణగా వినిపిస్తాము. అయితే ఆ ఉపమానానికి ఆధారమైన దేహాన్ని గురించి, అందులోని ఎముకలు, కీళ్లు, కండరాలు ఒకదాని బాధను మరొకటి నిజంగానే ఎలా పంచుకుంటాయన్న విషయాన్ని గురించి నేను ఆలోచించింది చాలా తక్కువ. మా బంట్వారంలో ఒక పెద్దాయనకు కలిగిన అనుభవం నా దృష్టిని అటు మళ్లించింది.

ఆయన వయస్సు డెబ్బై దాటింది. జీవితమంతా కంది, పత్తి చేలలో వంగి పనిచేసిన మనిషి. మా మస్జిదులో మొదటి సఫ్‌లో ఆయన స్థానం ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఒక రమజాన్‌లో తరావీహ్ మొదలైన నాలుగో రాత్రి ఆయన కనిపించలేదు. ఐదో రాత్రి కూడా రాలేదు. మరునాడు అస్ర్ తరువాత ఇంటికి వెళ్లి పరామర్శించాను.

"మౌల్వీసాబ్, నడుము నిలబడనిస్తలేదు. రెండు రకాతులకే విరిగిపోతున్నట్టు అయితుంది. కుర్చీల కూసుందామంటే మనసు ఒప్పుతలేదు" అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నారు.

నడుముకు పట్టీ కట్టారు. నూనెలతో మర్దన చేయించారు. ఊరిలో సూదులు వేయించుకున్నారు. వేయించుకున్నప్పుడు నాలుగు రోజులు ఉపశమనం, ఆ తరువాత మళ్లీ అదే బాధ. చివరకు కుమారుడు ఆయనను తాండూరులో ఎముకల వైద్యుని వద్దకు తీసుకువెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఆ వైద్యుడు నడుమును ముట్టుకోవడానికి ముందే ఆయనను బల్లపై వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లూ పూర్తిగా చాపమన్నాడు. ఎడమ కాలు బల్లకు ఆనింది. కుడి మోకాలు మాత్రం ఎంత ప్రయత్నించినా పూర్తిగా చాచుకోలేదు. మోకాలి కింద అరచేయి దూర్చేంత ఖాళీ మిగిలింది.

"ఈ మోకాలు ఎన్నాళ్లుగా నొస్తున్నది?" అని వైద్యుడు అడిగాడు.

"అది పదేండ్ల నుంచి ఉన్నదే సార్. దానికి అలవాటు పడ్డాను. నా బాధంతా నడుముదే" అన్నారు పెద్దాయన.

"మీ మోకాలు చేయలేని పనిని మీ నడుము చేస్తున్నది చాచా. అలసిపోయి అరుస్తున్నది నడుమే. కాని జబ్బు మొదలైన చోటు ఇది" అంటూ వైద్యుడు మోకాలిని చూపించాడు.

ఒకటి వంగితే మరొకటి ఎందుకు వంగుతుంది?

మనిషి నిటారుగా నిలబడడం అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటి. తల బరువు వెన్నుపై, వెన్ను బరువు కటి ఎముకలపై, అక్కడి నుండి తొడ ఎముకల ద్వారా మోకాళ్లపై, చివరకు పాదాలపై పడుతుంది. ఈ వరుస సరిగా ఉన్నంతకాలం నిలబడడానికి కండరాలకు పెద్దగా శ్రమ ఉండదు. నడుము వద్ద వెన్ను లోపలికి కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపే మన పైదేహాన్ని కటిపై నిలబెడుతుంది.

మోకాలు అరిగి, వాచి, సంవత్సరాల తరబడి కొద్దిగా ముడుచుకుని ఉండిపోయిందనుకోండి. అప్పుడు నిలబడినా కాలు పూర్తిగా నిటారు కాదు. మోకాలు ముందుకు వస్తే కటి వెనక్కి ఒరుగుతుంది. కటి వెనక్కి ఒరిగితే నడుములోని సహజమైన వంపు చదునైపోతుంది. పైదేహం ముందుకు వాలుతుంది. అలా వాలిన దేహం పడిపోకుండా నడుము వెనుక కండరాలు క్షణం కూడా విశ్రాంతి లేకుండా లాగి పట్టుకోవలసి వస్తుంది. సాయంత్రానికి నడుము విరిగిపోతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే.

ఈ మాటపై నమ్మకం కుదరని ఆరోగ్యవంతులు ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. గోడ పక్కన నిలబడి రెండు మోకాళ్లనూ కొద్దిగా వంచి, అలాగే రెండు నిమిషాలు ఉండండి. మొదట తొడలు మండుతాయి, ఆ వెంటనే నడుము బిగుసుకోవడం తెలుస్తుంది. రెండు నిమిషాల ఆ శ్రమను మన పెద్దలు రోజంతా మోస్తున్నారు.

దీనికి వ్యతిరేక దిశలోనూ ఇదే జరుగుతుంది. వయస్సుతో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు పలచబడి నడుము వంపు తగ్గితే మనిషి ముందుకు వాలిపోతాడు. ఎదుట ఉన్న దారిని చూడాలంటే దేహాన్ని ఎలాగో నిలబెట్టుకోవాలి. అందుకు మోకాళ్లను కొద్దిగా వంచి నడవడం అలవాటవుతుంది. వంచిన మోకాలిపై, ముఖ్యంగా మోకాలి చిప్ప వెనుక, ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడ బాధ నడుములో మొదలై మోకాలికి దిగింది.

మూడో మార్గం కుంటి నడక. నొప్పి ఉన్న కాలిపై బరువు వేయకుండా పక్కకు ఒరిగి నడిచినప్పుడు అడుగడుగునా నడుము ఊగుతుంది. మోకాళ్లు బయటికి వంగి దొడ్డికాళ్లుగా మారినవారిలో, ముఖ్యంగా ఒక కాలు ఎక్కువగా వంగినవారిలో, ఈ ఊగిసలాట ఇంకా అధికం.

వైద్యలోకం ఈ సంబంధాన్ని గుర్తించి పేరు పెట్టి కొన్ని దశాబ్దాలయింది. తుంటి కీలుకూ వెన్నుకూ గల సంబంధాన్ని 1983లో కెనడా వైద్యులు వివరించారు. 2003లో జపాన్ వైద్యులు 366 మంది రోగులను పరీక్షించి, మోకాలు 5 డిగ్రీలకు మించి ముడుచుకుపోయినవారిలో నడుము వంపు గణనీయంగా తగ్గినట్టు చూపారు. దానికి "మోకాలు-వెన్ను సిండ్రోమ్" అని పేరు వచ్చింది. అమెరికాలో మోకాలి అరుగుదలతో బాధపడేవారిపై జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో సగానికి పైగా మందికి నడుము నొప్పి కూడా ఉన్నట్టు తేలింది. మన దేశంలో 2016లో ప్రచురితమైన ఒక పరిశీలన ప్రకారం నలభై దాటినవారిలో వందకు సుమారు 29 మందికి మోకాలి అరుగుదల ఉన్నది. అంటే ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు.

మోకాలు నొస్తుంది, మూలం నడుములో

అయితే అందరి విషయంలోనూ మూలం మోకాలే అనుకోవడం మరొక పొరపాటు. మా బంధువులలో ఒక ఖాలా రెండేళ్లపాటు మోకాలి నొప్పికి మందులు వాడింది. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించింది కనుక ఎవరికీ సందేహం కలగలేదు. మోకాలిలో సూదులు కూడా వేయించుకుంది. గుణం లేదు. తరువాత వేరొక వైద్యుడు ఓపికగా ప్రశ్నలడిగాడు. ఆమె నొప్పి నడుము నుండి తొడ ముందు భాగం మీదుగా మోకాలి వరకు ఒక గీతలా దిగుతున్నదనీ, తొడపై అప్పుడప్పుడు తిమ్మిరి వస్తున్నదనీ అప్పుడు బయటపడింది. నడుములోని వెన్నుపూసల మధ్య ఒక నరం నలుగుతున్నది. ఆ నరం మోకాలి ప్రాంతానికి వెళ్లేది కనుక నొప్పి అక్కడ వినిపిస్తున్నది. మోకాలిలో ఎన్ని సూదులు వేసినా నడుములోని నరానికి ఉపశమనం ఎలా కలుగుతుంది?

యాభై, అరవై దాటినవారి ఎక్స్‌రేలో కొంత అరుగుదల కనిపించడం సర్వసాధారణం. ఎముకలు బాగా అరిగినా నొప్పి లేనివారున్నారు, కొద్దిగా అరిగినా విపరీతమైన నొప్పి ఉన్నవారున్నారు. కనుక చిత్రాన్ని మాత్రమే చూసి నిర్ణయించడం సరికాదు. రోగి మాటలు వినాలి, రెండు చోట్లా పరీక్షించాలి.

ఇంటివారు గమనించవలసిన కొన్ని గుర్తులు ఇవి. నేల మీద నుండి లేవడం, మెట్లు దిగడం కష్టమై, మోకాలి పక్కన నొక్కితే నొప్పి ఉండి, ఉదయం లేవగానే కొద్దిసేపు పట్టేసినట్టు ఉంటే మూలం సాధారణంగా మోకాలే. కొంత దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చున్నా ముందుకు వంగినా హాయిగా అనిపిస్తే వెన్నులోని నరాల దారి ఇరుకైందని అనుమానించాలి. అటువంటివారు వంగి సైకిలు తొక్కగలరు, నిటారుగా నడవలేరు. గజ్జలో నొప్పి ఉండి, మఠం వేసుకుని కూర్చోలేకపోతే తుంటి కీలును చూడాలి. ఎందుకంటే తుంటి నొప్పి కూడా తరచు మోకాలిలోనే వినిపిస్తుంది. ఈ గుర్తులతో ఇంట్లోనే తీర్పు చెప్పుకోమని కాదు, వైద్యునికి పూర్తిగా చెప్పడానికి ఇవి ఉపయోగపడతాయి.

మన తెలుగు నేలపై మోకాలికీ నడుముకూ ఒకే కారణం చేటు చేసిన చరిత్ర కూడా ఉన్నది. అది ఫ్లోరైడు నీరు. 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బును వైద్యులు వివరించారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడు పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని లోకం దృష్టికి తెచ్చారు. నల్లగొండ జిల్లాలో వెన్ను కర్రలా బిగుసుకుపోయిన మనుషులను చూడనివారు అరుదు. అటువంటి ప్రాంతాలలో పుట్టి పెరిగిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, వారు ఏ నీరు తాగి పెరిగారో కూడా వైద్యునికి చెప్పండి. ప్రతి బాధనూ వయస్సు ఖాతాలో వేయకూడదు.

నొప్పి బిళ్లల నీడలో

మా ప్రాంతంలో పొలం పని చేసేవారు, నాపరాయి పని చేసేవారు ఎక్కువ. నొప్పి వస్తే మందుల దుకాణంలో రెండు బిళ్లలు అడిగి వేసుకోవడం, మరునాడు మళ్లీ పనికి వెళ్లడం అలవాటుగా మారింది. నొప్పిని అణచే ఈ బిళ్లలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. షుగరు, బీపీ ఉన్న వృద్ధులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. నొప్పి తెలియకపోవడం వేరు, నొప్పికి కారణం తొలగడం వేరు. జబ్బుకు చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) తన సహచరులకు ఆదేశించారు. ఏ చికిత్స ఏ జబ్బుకో తెలుసుకోవడం కూడా ఆ ఆదేశంలో భాగమేనని నేను భావిస్తున్నాను.

మా పెద్దాయనకు వైద్యుడు ఇచ్చిన చికిత్సలో బిళ్లలు కొద్ది రోజులకే. మిగిలినదంతా కండరాల శిక్షణ. కాలు చాపి కూర్చుని, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, దానిని కిందికి అదిమి అయిదు లెక్కించేవరకు పట్టి ఉంచాలి. ఇలా పదిసార్లు, రోజుకు రెండు మూడు పూటలు. తరువాత వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలును చాచి జానెడెత్తు లేపి, నెమ్మదిగా దించాలి. కొన్ని వారాల తరువాత గట్టి కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. తొడ ముందు కండరం బలపడితే మోకాలు చాచుకుంటుంది, మోకాలు చాచుకుంటే నడుముకు విశ్రాంతి దొరుకుతుంది. ఎవరికి ఏ వ్యాయామం తగినదో ఫిజియోథెరపిస్టు వద్ద ఒకసారి నేర్చుకోవడం ఉత్తమం.

బరువు విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోదగినది. అధిక బరువుతో మోకాలి అరుగుదల ఉన్నవారు ఒక కిలో తగ్గితే, ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోల మేరకు తగ్గుతుందని అధ్యయనాలు చూపాయి. రోజుకు వేయి అడుగులు వేసే మనిషికి అది ఎంత ఉపశమనమో ఊహించండి. దావతులలో రెండోసారి వడ్డించుకునే ముందు ఈ లెక్కను తలచుకోవాలి.

ఇంటి అమరిక కూడా మారాలి. మన ఇళ్లలో షాబాద్ బండల నేలపైనే తినడం, కూర్చోవడం, బియ్యం ఏరడం జరుగుతాయి. మోకాళ్ల బాధ ఉన్న తల్లికి వంటింట్లో ఎత్తైన పీట, మరుగుదొడ్డిలో కూర్చునే కుండీ, గోడకు పట్టుకునే కడ్డీ, వుజూ చేయడానికి ఒక బల్ల ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. ఇంట్లోనే ఉండే స్త్రీలకు ఎండ తగలక విటమిన్ డి లోపించే అవకాశం ఎక్కువ. వాకిట్లోనో డాబాపైనో కొంతసేపు ఎండలో ఉండడం మంచిది. మందు మాత్రం పరీక్ష చేయించుకున్న తరువాత, వైద్యుని సలహాపైనే వాడాలి.

నమాజు, కుర్చీ, మనస్సాక్షి

ఫర్జ్ నమాజులలోనే రోజుకు 17 రకాతులు, 34 సజ్దాలు ఉన్నాయి. ప్రతి సజ్దాలోనూ మోకాలు పూర్తిగా ముడుచుకుంటుంది, ప్రతి రుకూలోనూ నడుము వంగుతుంది. ఆరోగ్యవంతునికి ఇది దేహానికి మేలు చేసే కదలిక. కీలు వాచి ఉన్నవానికి మాత్రం అదే పరీక్ష అవుతుంది. ఈ పరీక్షలో మనవారు రెండు అంచులకు పోవడం నేను చూస్తున్నాను. కొందరు చిన్న నొప్పికే కుర్చీ వెతుక్కుంటారు. మరికొందరు మా పెద్దాయనలా, కుర్చీలో కూర్చుంటే నమాజు విలువ తగ్గుతుందని భయపడి, చివరకు మస్జిదుకు రావడమే మానుకుంటారు.

ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అనారోగ్యంతో బాధపడుతూ నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడి చేయమని, అది సాధ్యం కాకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఆయన (స) స్వయంగా గుర్రంపై నుండి పడి గాయపడినప్పుడు కూర్చుని నమాజు చేయించిన సంగతి బుఖారీలో ఉన్నది. కనుక రాయితీ ధర్మంలో ఒక భాగమే, సిగ్గుపడవలసిన విషయం కాదు. చేయగలిగినది వదలకూడదు, చేయలేని దానికి దేహాన్ని బలి పెట్టకూడదు. ఎవరికి ఎంతవరకు రాయితీ ఉన్నదో వైద్యుని మాటను ముందుంచి, తమ ఊరి ఆలింను అడిగి తెలుసుకోవాలి. సైగలతో నమాజు చేసేవారు సజ్దా కోసం రుకూ కంటే ఎక్కువగా వంగాలన్నది మరువరాదు.

మస్జిదు కమిటీలకు ఒక విన్నపం. సఫ్ చివరన రెండు మూడు గట్టి కుర్చీలు, వుజూఖానాలో నాలుగు ఎత్తైన ఆసనాలు, మెట్ల వద్ద ఒక కడ్డీ ఉంచండి. ఎందరు పెద్దలు తిరిగి వస్తారో మీరే చూస్తారు.

ఆలస్యం చేయకూడని వేళ

కొన్ని లక్షణాలు కనిపిస్తే వ్యాయామాలనీ నూనెలనీ కాలయాపన చేయరాదు. మల మూత్రాలపై అదుపు తప్పడం, కూర్చునే భాగంలో స్పర్శ పోవడం, కాళ్లు అకస్మాత్తుగా బలహీనపడడం, వీటిలో ఏది జరిగినా ఆ రోజే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. మోకాలు ఎర్రబడి వేడెక్కి, జ్వరం కూడా ఉంటే కీలులో చీము చేరి ఉండవచ్చు. జారిపడిన తరువాత వృద్ధ స్త్రీకి నడుము నొప్పి మొదలైతే వెన్నుపూస విరిగిందేమో చూడాలి. రాత్రివేళ పెరిగే నడుము నొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉంటే వెన్నుకు క్షయ సోకిందేమో పరీక్షించాలి. మన వికారాబాద్ అనంతగిరి కొండ క్షయ చికిత్సాలయానికి పేరుపొందినది. ఆ జబ్బు ఊపిరితిత్తులకే కాదు, ఎముకలకూ సోకుతుందని ఈ ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని మర్యమ్ సూరాలో జకరియ్యా (అలైహిస్సలాం) తన ప్రభువును రహస్యంగా వేడుకుంటూ, తన ఎముకలు బలహీనపడిన సంగతిని మొదట విన్నవించుకున్నారు. ఒక దైవప్రవక్తే తన ఎముకల బలహీనతను చెప్పుకున్నప్పుడు, మన ఇంటి పెద్దలు చెప్పుకుంటే విసుక్కునే హక్కు మనకెక్కడిది? తల్లిదండ్రులు వృద్ధులైనప్పుడు వారి ముందు విసుగు మాట సైతం రానీయవద్దన్న ఆజ్ఞ మనందరికీ కంఠస్థమే. ఆ ఆజ్ఞను పాటించడంలో ఒక చిన్న పని ఉన్నది. వారు "నడుము" అన్నప్పుడు "మోకాలు ఎలా ఉంది అమ్మీ?" అని అడగడం, "మోకాలు" అన్నప్పుడు "నడుములో ఏమైనా లాగుతున్నదా అబ్బా?" అని అడగడం. వారు అలవాటు పడిపోయి చెప్పని బాధలోనే తరచు అసలు మూలం దాగి ఉంటుంది.

మా పెద్దాయన మోకాలు కొత్తది కాలేదు. కాని ఆరు నెలల వ్యాయామంతో ఆ అరచేయంత ఖాళీ రెండు వేళ్లంత అయింది. నడుము పట్టీ గూటిలోకి చేరింది. మరుసటి రమజాన్‌లో ఆయన సఫ్ చివరన కుర్చీ పక్కన నిలబడ్డారు. నిలబడగలిగినంత సేపు నిలబడి, అలసినప్పుడు కూర్చుని, ఆఖరి రకాతు వరకు మాతో ఉన్నారు.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మనకు వారి బాధను వినే ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.